మూడో ఫ్లాస్కు

నేను కారు దిగేసరికి సీఐ గణేష్‌బాబు ల్యాబు మెట్ల మీద నిలబడి కాఫీ తాగుతున్నాడు. నన్ను చూడగానే కాఫీలో చక్కెర తక్కువైనట్టు మొహం పెట్టాడు. ఆయనకీ నాకూ ఇది మూడో కేసు. మొదటి రెండింటిలో ఏం జరిగిందో ఆయన ఎవరికీ చెప్పుకోడు. నేను మాత్రం అడిగినవాళ్ళకీ, అడగనివాళ్ళకీ కూడా చెబుతాను.

“ముద్దాయి దొరికేశాడండి లోవమ్మ గారూ. మీకు పెట్రోలు దండగ” అన్నాడు.

“దొరికినవాణ్ణి పట్టుకోవడం మీకు అలవాటేనండి. చేసినవాడెవరో చూద్దామని వచ్చాను” అన్నాను.

ఇన్సూరెన్సు క్లెయిముల మీద ఏళ్ళతరబడి దర్యాప్తు చేసి, ఆ తరవాత రాజమండ్రిలో సొంతంగా డిటెక్టివు ఆఫీసు పెట్టుకున్న దాన్ని. ప్రమాదం అని ముద్రవేసిన చావులు చాలా చూశాను. ఎవరైనా ఒక సంగతి మరీ తొందరగా తేల్చేస్తే నాకు ముందు నవ్వొస్తుంది, తరవాత అనుమానం వస్తుంది.

జరిగింది ఇది. కొవ్వూరులో గోదావరి గట్టుకి దగ్గర్లో ఉన్న ఆ క్యాన్సర్ ఆస్పత్రికి వెనకవైపు చిన్న పరిశోధన ల్యాబు ఉంది. నిన్న, ఆదివారం మధ్యాహ్నం, అందులో పనిచేసే డాక్టర్ వినీల నైట్రోజన్ గదిలో స్పృహ తప్పి దొరికింది. కణాలని గడ్డకట్టించి దాచే డ్రమ్ములుండే గది అది. ద్రవ నైట్రోజన్ డ్రమ్ముకి మూత తీసి వదిలేస్తే అది ఆవిరై గదిలో ఉన్న గాలిని బయటికి నెట్టేస్తుంది. రంగుండదు, వాసనుండదు. ఊపిరి అందడం లేదన్న సంగతి లోపలున్న మనిషికి తెలిసేలోపే కాళ్ళు తేలిపోతాయి. అందుకే అక్కడ ఎగ్జాస్టు ఫ్యాను ఎప్పుడూ తిరుగుతూ ఉండాలి. నిన్న డ్రమ్ము మూత తీసి ఉంది, ఫ్యాను ఆపి ఉంది, తలుపుకి బయట గడియ వేసి ఉంది. గడియ తీసి వినీలని బయటికి ఈడ్చుకొచ్చి అంబులెన్సుని పిలిచినవాడు ల్యాబు అటెండరు ఆశీర్వాదం. సాయంత్రానికి గణేష్‌బాబు అతన్నే లాకప్పులో కూర్చోబెట్టాడు.

నన్ను పిలిపించింది ఆశీర్వాదం భార్య సంపూర్ణమ్మ. ఆవిడ అదే ఆస్పత్రిలో కడుపు క్యాన్సర్‌కి వైద్యం చేయించుకుంటోంది. మంచం మీంచి లేవలేని మనిషి, గొంతు మాత్రం ఆదివారం బడిలో పిల్లలకి పాఠం చెప్పే పంతులమ్మ గొంతే. నిన్న రాత్రి నన్ను ఆవిడ అడిగింది ఒక్కటే. “మా ఆయన్ని తీసుకురండి. మీరొచ్చేదాకా నేనెక్కడికీ పోనులెండి” అంది. ఈ రోజు పదకొండింటికి ఆవిడకి కొత్త వైద్యం మొదలుపెట్టాలి. ఆ వైద్యం వినీల ఉన్న ల్యాబులోనే తయారైంది. దాన్ని అందుకుంటున్న మొట్టమొదటి మనిషి సంపూర్ణమ్మే.

గణేష్‌బాబు దగ్గరున్న సాక్ష్యమల్లా ఫోను. పొద్దుట చర్చిలో ఉన్నానని ఆశీర్వాదం చెప్పాడు. అతని ఫోను మాత్రం ఆస్పత్రి దాటి వెళ్ళనేలేదని టవరు సమాచారం చెబుతోంది. కనక అబద్ధమాడాడు, కనక వాడే చేశాడు. మెట్ల మీద నిలబడి ఈ లెక్కని ఆయన నాకు రెండుసార్లు వినిపించాడు.

“ఆ ఫోనుకి ఆ టైములో కాల్స్ ఏమన్నా వచ్చాయాండీ?” అని అడిగాను.

వచ్చిందన్నాడు. ఒకటే కాల్, గంటన్నరకి పైగా నడిచింది. ఎవడో తోడుదొంగ ఉన్నాడని, వాణ్ణీ పట్టుకుంటానని ధీమాగా చెప్పాడు.

“ఎవరి నంబరండీ?”

“పాస్టరు గారిది” అని ఆగిపోయాడు. కాఫీ కప్పు నోటిదాకా వెళ్ళి అక్కడే ఉండిపోయింది.

“ఆదివారం ఆరాధన జరిపిస్తూ పాస్టరు గారు గంటన్నర ఫోను మాట్లాడతారాండీ?”

ఆ సంగతి సంపూర్ణమ్మ నాకు నిన్ననే చెప్పింది. ఆవిడ ఫోనులో స్పీకరు పోయింది. అందుకని ఆస్పత్రిలో చేరిన దగ్గర్నుంచీ ప్రతి ఆదివారం ఆశీర్వాదం తన ఫోను ఆవిడ దిండు పక్కన పెట్టి చర్చికి వెళ్తాడు. పాస్టరు గారు ఆ నంబరుకి కాల్ చేసి తన ఫోనుని బల్ల మీద పెడతారు. మంచాన పడ్డ సంఘస్తులకి ఆరాధన వినిపించడానికి వాళ్ళు చేసుకున్న ఏర్పాటు అది. నిన్న సంఘ ప్రార్థన చేసింది ఆశీర్వాదమే. మొదలుపెడితే ఒక పట్టాన ఆపడని, డ్యూటీ నర్సు కూడా విని నవ్విందని సంపూర్ణమ్మ చెప్పింది.

“అంటే అతని ఫోను ఆస్పత్రిలో ఉంది, గొంతు చర్చిలో ఉంది. మీరు అరెస్టు చేయాల్సింది ఫోనునండి” అన్నాను.

చర్చి అయ్యాక వచ్చి చేసుండొచ్చుగా అన్నాడు గణేష్‌బాబు, ఓడిపోవడం ఇష్టంలేక. చేసి, మళ్ళీ తనే తలుపు తీసి, తనే అంబులెన్సుని పిలిచాడా అని అడిగాను. వినీల కూడా ఆ సంఘం పిల్లే, నిన్న మాత్రం చర్చికి రాలేదు. ఆదివారం ఆరాధన మానుకుని ల్యాబుకి పరిగెత్తిందంటే మర్నాటిదాకా ఆగలేని పనేదో ఉండి ఉండాలి. ఆ పనేమిటో తెలిస్తే గడియ పెట్టిందెవరో తెలుస్తుందని నాకు అప్పటికే గట్టి నమ్మకం.

ల్యాబుకి పెద్ద డాక్టర్ సత్యప్రసాద్. యాభై ఏళ్ళుంటాయి, ఇస్త్రీ నలగని చొక్కా, నలగని మాట. నిన్న తెల్లవారుజామునే కుటుంబంతో పాలకొల్లు వెళ్ళి క్షీరారామలింగేశ్వరుడికి అభిషేకం చేయించుకుని సాయంత్రం వచ్చానని, నేను అడగకముందే చెప్పాడు. అడగకుండా చెప్పే సంగతుల మీద నాకు ఎప్పుడూ కొంచెం మోజెక్కువ. వినీల చేసే పనేమిటో నాలాంటి వాళ్ళకి అర్థమయ్యేట్టు చెప్పమన్నాను. పక్కన గణేష్‌బాబు కూడా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

చెప్పడం మొదలుపెట్టాక సత్యప్రసాద్ మొహం వెలిగింది. తన విద్య గురించి మాట్లాడుతున్నప్పుడు ఆయన మంచి మేష్టారు, ఆ మాట ఒప్పుకోవాలి.

“గడ్డలో కణాలన్నీ ఒక్కలాంటివి కావండి. చాలావాటికి పనేంటంటే ఒకటి రెండవడం, రెండు నాలుగవడం. మామూలు మందులు అలా పెరిగేవాటినే చంపుతాయి. కొన్ని మూలకణాలు మాత్రం పెరగవు, నిద్రపోతాయి. మందు వాటిని ముట్టుకోకుండా వెళ్ళిపోతుంది. కొన్నాళ్ళకి అందులో ఒక్కటి లేచినా చాలు, గడ్డంతా మళ్ళీ పుట్టుకొస్తుంది.”

సంపూర్ణమ్మకి జరిగింది అదేనట. కిందటేడు స్కానులో ఏమీ లేదన్నారు, ఈ ఏడు మళ్ళీ వచ్చింది. కణం రెండుగా చీలడానికి లోపల ఒక వరస ఉంటుందని, ఆ వరసని ముందుకి తోసే ప్రొటీన్లు కొన్ని, బ్రేకు వేసి ఆపేవి కొన్ని ఉంటాయని చెప్పాడు. నిద్రపోయే మూలకణాల్లో బ్రేకు బిగుసుకుని ఉంటుంది. అందుకని వీళ్ళ వైద్యానికి రెండు మెట్లు. మొదటి మందు ఆ బ్రేకుని వదులు చేసి నిద్రపోయేవాటిని లేపుతుంది. అవి లేచి చీలడానికి సిద్ధమయ్యేసరికి రెండు రోజులు పడుతుంది. ఆలోగా రెండో మందు ఇచ్చి చంపేస్తారు. రెండో మందు కనిపెట్టింది సత్యప్రసాదే. నూటికి నూరుపాళ్ళూ పనిచేస్తుందని పేపరు రాశాడు, దానికి సన్మానం కూడా జరిగింది. శాలువా ఫొటో ఆయన తల వెనకే గోడకి ఉంది.

“రెండో మందు పనిచేయకపోతేనండీ?” అన్నాను.

“నిద్రపోయేదాన్ని మనమే లేపి మనిషి మీదకి వదిలినట్టు. ఆ ప్రశ్నే రాదులెండి” అన్నాడు.

“మీరు ఫ్లాస్కుల్లో పెంచే కణాలు లేచాయో, చచ్చాయో మీకెలా తెలుస్తుంది? రోజంతా మైక్రోస్కోపులో చూస్తూ కూర్చుంటారా?”

అక్కర్లేదన్నాడు. కణాలకి పోసే ఆహారం గులాబీ రంగులో ఉంటుంది. అవి లేచి తినడం మొదలుపెడితే ఆ ద్రవం పులుపెక్కి పసుపు రంగుకి తిరుగుతుంది. నిద్రపోయేవి నామమాత్రంగా తింటాయి, చచ్చినవి అసలు తినవు, కనక గులాబీ రంగు అలాగే ఉంటుంది. సూక్ష్మజీవులు పడ్డా పసుపవుతుంది కదా అంటే, అప్పుడు బియ్యం కడిగిన నీళ్ళలా మసక కడుతుందని, ఆ తేడా ఎవరికైనా తెలుస్తుందని చెప్పాడు. ఆఖరున, ల్యాబులో మీరు చివరిసారి ఎప్పుడు అడుగు పెట్టారని అడిగాను.

“శనివారం సాయంత్రం. నిన్న నేను ఊళ్ళోనే లేనండి, తరవాత సీఐ గారు సీలు వేసేశారు. మీకు అనుమానముంటే తీయించి చూసుకోండి. వినీల ఫ్లాస్కులు మూడూ గులాబీగానే ఉంటాయి” అన్నాడు.

ఆ ముక్కని కొంగున ముడేసుకున్నాను.

సీలు తీయడానికి గణేష్‌బాబు ముందు ఒప్పుకోలేదు. పైవాళ్ళ పర్మిషను కావాలన్నాడు. సరే, పర్మిషను వచ్చేలోగా పాస్టరు గారి కాల్ సంగతి విలేకరులకి చెబుతూ కాలక్షేపం చేస్తానన్నాను. తాళంచెవి వెంటనే దొరికింది. ల్యాబులో పనిచేసే మరో డాక్టరు లావణ్యని కూడా రమ్మన్నాను. వినీల ఈడుదే, రాత్రంతా ఏడ్చిన కళ్ళతో వచ్చింది. సత్యప్రసాద్ చేతులు కట్టుకుని మా వెనక నిలబడ్డాడు.

కణాలు పెంచే ఇంక్యుబేటరు బీరువా లాంటిది. లోపల మన ఒంటి వేడి ఉంటుంది. లావణ్య తలుపు తీసింది. మధ్య అరలో మూడు చిన్న ఫ్లాస్కులు పడుకోబెట్టి ఉన్నాయి. వినీలకి ప్రతి ఫ్లాస్కుకీ టేపు అంటించి, తారీకు వేసి, తెలుగులో పేరు రాసే అలవాటుందట. మొదటిదాని మీద ‘నిద్ర’ అని ఉంది, గులాబీ రంగు. రెండోదాని మీద ‘లేపి, చంపి’ అని ఉంది. అది పసుపు నీళ్ళలా ఉంది. మూడోదాని మీద ‘లేపి, నిద్ర’ అని ఉంది. అది మళ్ళీ గులాబీ.

“మూడూ గులాబీగానే ఉంటాయన్నారు” అన్నాను వెనక్కి తిరక్కుండా.

సూక్ష్మజీవులు పడుంటాయని, పోలీసులు తలుపులు తీసి మూసి ల్యాబుని పాడుచేశారని సత్యప్రసాద్ గబగబా అన్నాడు. గణేష్‌బాబుకి రోషం వచ్చింది. నేను సంచిలోంచి పొద్దుటి పేపరు తీసి, లావణ్యని రెండో ఫ్లాస్కు పట్టుకోమని, దాని వెనక పేపరు పెట్టాను. కొబ్బరికాయల ధర ఎంతుందో ఫ్లాస్కులోంచి చదివి వినిపించాను. ఒక్క అక్షరం కూడా మసకగా లేదు.

“మీరే చెప్పారండి, మసక లేని పసుపంటే కణాలు తింటున్నాయని. చచ్చినవాటికి ఆకలేంటండీ?”

లావణ్య ఆ ఫ్లాస్కుని మైక్రోస్కోపు కింద పెట్టింది. చాలాసేపు తల ఎత్తలేదు. కణాలన్నీ బతికే ఉన్నాయని, అడుగున గట్టిగా అతుక్కుని, చాలా చోట్ల రెండుగా చీలుతున్నాయని చెప్పింది. రెండో మందు ఒక్కదాన్నీ చంపలేదు. ఆ మాట చెబుతూ ఆవిడ సత్యప్రసాద్ వైపు చూసిన చూపులో గౌరవం పూర్తిగా పోయింది.

శనివారం సాయంత్రం ఈ అరలో ఎన్ని ఫ్లాస్కులున్నాయని లావణ్యని అడిగాను.

“రెండేనండి. రెండోది అప్పుడే కొంచెం పచ్చబడింది. వినీల చూసి చాలా కంగారుపడింది. పొద్దుటే వస్తాను, ఎవరికీ చెప్పకు అంది.”

“మూడోది?”

లావణ్య టేపు మీద తారీకు చూపించింది. ఆదివారం. రెండో ఫ్లాస్కులో లేచిన కణాలని సగం తీసి, వాటికి మళ్ళీ బ్రేకు వేసే మందేదో కలిపి వినీల దీన్ని తయారుచేసి ఉంటుందంది. ఆ ఫ్లాస్కుని కూడా మైక్రోస్కోపు కింద పెట్టించాను. చచ్చిన కణాలైతే ఊడి తేలిపోతాయట. ఇవి తేలడం లేదు, చీలడమూ లేదు. బతికే ఉండి బుద్ధిగా నిద్రపోతున్నాయి. లేచినవాటిని వినీల మళ్ళీ పడుకోబెట్టింది. ఆదివారం చర్చి మానేసి ఆ పిల్ల చేసిన పని అది.

అప్పుడు వెనక్కి తిరిగాను.

“డాక్టరు గారూ, శనివారం ఇక్కడున్నవి రెండు. ఆదివారం పొద్దుట మూడయ్యాయి. మధ్యాహ్నం సీలు పడింది. పాలకొల్లులో అభిషేకం చేయించుకుంటున్న మనిషికి మూడో ఫ్లాస్కు ఎలా కనిపించిందండీ?”

మిగతాది నేనే చెప్పాను. శనివారమే పచ్చబడిందని లావణ్య చూసిన ఫ్లాస్కు గులాబీగా ఉంటుందని మీరు అంత ధీమాగా అన్నారంటే, దానిలో పాత ద్రవం పారబోసి కొత్తది పోసింది మీరే. మీ పేపరు తప్పని బయటపడకుండా వినీలని గదిలో పెట్టి గడియ వేశాక ఆ పని చేశారు. ఫ్లాస్కు మాయమైతే లావణ్య అడుగుతుంది, రంగు మార్చేస్తే చాలు, సోమవారం తీరిగ్గా పారేయొచ్చు అనుకున్నారు. ఈలోగా సీఐ గారు సీలు వేశారు. లోపల కణాలు రాత్రంతా తింటూ కూర్చున్నాయి. రంగు మీరు మార్చారు, ఆకలిని మార్చలేకపోయారు.

“నా సీలే కదండీ కాపాడింది” అన్నాడు గణేష్‌బాబు. ఆ మాత్రం సంతోషం ఆయనకి మిగలనిచ్చాను.

పాలకొల్లులో ఆయన్ని చూసినవాళ్ళెవరో, చూడనివాళ్ళెవరో ఒక్క పూటలో తేలిపోతుంది. అది సత్యప్రసాద్‌కీ తెలుసు. అయినా ఆయన కూలబడలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, పదకొండు గంటల ఇంజక్షను ఆపమని చెప్పడానికి నేను ఫోను తీస్తుంటే నవ్వాడు. నాకు ఆ నవ్వు అస్సలు నచ్చలేదు.

“దేనికండి ఆపడం? ఎనిమిదింటికే ఇచ్చేశాను. బ్రేకు వదిలేసింది. ఇప్పుడు నన్ను జైల్లో పెడితే ఆవిడకి రెండో మందు ఎవరిస్తారు?”

“పనిచేయని మందు ఎవరిస్తే ఏంటండీ?” అన్నాను. చెయ్యి ఎత్తి ఆయన చెంప పగలగొట్టాలనిపించింది. ఎత్తలేదు, ఎందుకంటే అప్పటికే గణేష్‌బాబు ఆయన కాలరు పట్టుకుని ఉన్నాడు.

సంపూర్ణమ్మకి ఇప్పుడు మిగిలిన దారి మూడో ఫ్లాస్కు. అందులో ఏం కలిపిందో, ఎంత కలిపిందో వినీలకి తప్ప ఎవరికీ తెలియదు. ఫ్లాస్కుని పరీక్షించి తేల్చాలంటే వారాలు పడుతుందని, సంపూర్ణమ్మకి ఉన్నవి రెండు రోజులని లావణ్య చెప్పింది. వినీల రాజమండ్రిలో ఐసీయూలో ఉంది. అక్కడికి ఫోను చేయమన్నాను. గణేష్‌బాబు చేశాడు, విన్నాడు, ఆయన మొహంలో రంగు పోయింది. తెల్లవారుజామున వినీల కళ్ళు తెరిచిందట. ఆ సంగతి నర్సు సత్యప్రసాద్‌కి చెప్పిందట. హైదరాబాద్ తీసుకెళ్ళాలంటూ ఏడింటికల్లా ఒక అంబులెన్సు వచ్చి ఎక్కించుకుపోయింది.

“పోలీసుల అనుమతి లేకుండా ఎలా పంపారండీ?” అని అడిగాను.

“నేనే సరేనన్నానండి” అన్నాడు గణేష్‌బాబు నేల చూస్తూ. “రాత్రి పెద్ద డాక్టరు ఫోను చేసి, అవసరమైతే మంచి వైద్యానికి మారుస్తానంటే కాదనలేకపోయాను. పొద్దుటే తీసుకెళ్తాడనుకోలేదు.”

హైవే మీద టోల్‌గేటుకి ఫోను చేశాడు. ఆ నంబరు అంబులెన్సు ఇంతవరకూ దాటలేదు. డ్రైవరు ఫోను స్విచ్చాఫ్. సత్యప్రసాద్ గోడకి ఆనుకుని నిలబడి, వాచీ చూసుకున్నాడు. ఆయన్ని ఏమడిగినా లాయరు వచ్చాకే మాట్లాడతానన్నాడు.

వార్డులోకి వెళ్ళాను. సంపూర్ణమ్మ చేతికి సూది గుచ్చినచోట దూది అంటించి ఉంది. ఆవిడకి అబద్ధం చెప్పడం నాకు చేతకాలేదు. ఇంజక్షను ఏం చేస్తుందో, రెండో మందు ఎందుకు పనికిరాదో, వినీల ఎక్కడుందో తెలియని సంగతీ అన్నీ చెప్పేశాను. మీ ఆయన నిర్దోషి అని తేలిపోయిందని, సాయంత్రానికల్లా మీ పక్కన కూర్చుంటాడని కూడా చెప్పాను. ఆవిడ కడుపు మీద చెయ్యి వేసుకుంది.

“అయితే లోపల అన్నీ లేచి కూర్చున్నాయన్నమాట” అంది. “ఎంత టైముందండీ?”

“రెండు రోజులండి.”

“నిన్న మా ఆయన్ని తీసుకురమ్మన్నాను కదా. ఆయన ఒక పూట ఆగుతాడు, అలవాటే. ముందు వెళ్ళి ఆ పిల్లని తీసుకురండి. నా కోసం అనుకోకండి, దానికి అమ్మ ఉంది.”

నేను సరేనండి అన్నాను. నేను సరేనన్న పని ఇంతవరకూ మధ్యలో వదిలేసింది లేదు, ఇది మొదటిది కాబోదు. బయటికి వచ్చేసరికి గణేష్‌బాబు జీపు స్టార్టు చేసి, పక్క తలుపు తీసి పట్టుకుని ఉన్నాడు. ఎటు వెళ్దామండీ అని అడిగాడు. మూడు కేసుల్లో ఆయన నన్ను ఆ మాట అడగడం ఇదే మొదటిసారి.